ఎవరు పడ్డారో అందరికీ తెలిసే కుస్తీ

నికోబార్ వాళ్ల కుస్తీ పేరు కిరిప్. పట్టు దొరికించుకోవడం కోసం ఇందులో పెనుగులాట ఉండదు. ముందే పట్టు పట్టి, ఆ తర్వాతే పోరు మొదలుపెడతారు. ఇద్దరూ దగ్గరగా నిలబడి, చేతులు ఎదుటివాడి వెనక్కి పోనిచ్చి వీపు దగ్గర బిగిస్తారు. ఇక ఆట తేలేదాకా ఏం జరిగినా ఆ చేతులు సడలకూడదు. వీపు నేలకు ఆనినవాడు ఓడినట్టు.

చేతులు రెండూ పట్టుకే సరిపోతాయి కాబట్టి మిగిలిన పనంతా కాళ్లదీ నడుముదీ. అసలు విద్యంతా అక్కడే ఉంది. ఒంటికి ఒళ్లు ఆనించి నిలబడ్డప్పుడు ఎదుటివాడి కాళ్లు కళ్లకు కనపడవు. అతని బరువు ఏ కాలి మీద ఉందో ఒంటితోనే పసిగట్టాలి. ఛాతీ ఎటు ఒరుగుతోంది, వీపు మీద చేతుల బిగువు ఏ పక్క పెరిగింది, ఊపిరి ఎప్పుడు వదులుతున్నాడు, ఇవన్నీ తెలియాలి. అతను ఒక పాదం ఎత్తి వేసే ఆ రెప్పపాటులో కాలు అడ్డం వేసి నడుము తిప్పితే మనిషి బోల్తా పడతాడు. తొందరపడి కాలు ముందు వేసినవాడు తన రెండో కాలి మీదే నిలవలేక తానే కూలిపోతాడు. బలం ఉండాలి, కానీ ఓపికది బలం కంటే పెద్ద పాత్ర.

ఈ ఆటను నేను ఇంకో వైపు నుంచి కూడా మెచ్చుకుంటాను. తీర్పు చెప్పే మనిషి చూడాల్సినవి రెండే: చేతులు వీడాయా, ఎవరి వీపు నేలకు ఆనింది. చుట్టూ నిలబడ్డ పిల్లలూ ముసలివాళ్లూ చూసేదీ ఆ రెండే. తగవులు రావని కాదు. వచ్చిన తగవు ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఉంటుంది, అందరూ వాటి గురించే మాట్లాడతారు. నిజామాబాద్ వైపు పల్లెల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగిసే పోటీల్లోనూ ఇదే తీరు. చిత్ అయ్యాడా, కాలేదా? గోదా చుట్టూ కూర్చున్న ఊరంతటికీ ఆ లెక్క తెలుసు.

కిరిప్‌కి బాగా దగ్గరి పోలిక ఇంగ్లండ్ ఉత్తరాన కంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్ ప్రాంతాల్లో కనిపిస్తుంది. అక్కడా గడ్డం ఎదుటివాడి భుజం మీద ఆనించి, వీపు వెనక చేతులు కలిపి పట్టుకుంటారు. పట్టు వదిలినవాడు ఓడిపోతాడు, ముందు నేల తాకినవాడూ ఓడిపోతాడు. ఇద్దరూ కలిసి పడి, ఎవరు ముందో తేలకపోతే మళ్లీ ఆడిస్తారు. తేలనప్పుడు తేలలేదని ఒప్పుకునే దారి నిబంధనలోనే ఉండటం చిన్న విషయం కాదు.

ఒలింపిక్ మ్యాట్ మీదికి వస్తే లెక్క మారిపోతుంది. 2024 ఆగస్టు 6న పారిస్‌లో వినేశ్ ఫోగాట్, జపాన్‌కి చెందిన యుయి సుసాకి తలపడ్డ 50 కిలోల పోరు మనలో చాలామంది టీవీలో చూశారు. చివరి క్షణాలదాకా సుసాకి 2-0తో ముందుంది. ఆ రెండు పాయింట్లూ ఆమె పట్టుతో రాలేదు. వినేశ్ చొరవ చూపడం లేదని రిఫరీ హెచ్చరించి, 30 సెకన్ల గడువు పెట్టి, అందులోనూ ఏమీ జరగకపోతే ఎదుటివాళ్లకి ఇచ్చే పాయింట్లు అవి. చివర్లో వినేశ్ ఆమెను కింద పడేసి అదుపులోకి తెచ్చుకోవడంతో స్కోరు 2-2 అయింది. సమానం అయిందని చూసేవాళ్లు అనుకున్నారు. కానీ అప్పటికే వినేశ్ గెలుపు వైపు ఉంది. స్కోరు సమానమైతే ఎక్కువ విలువైన పట్టు పట్టినవారిదే పైచేయి, ఆమెవి రెండూ ఒకే పట్టులో వచ్చాయి, సుసాకివి ఒక్కొక్కటిగా వచ్చాయి. జపాన్ కోచ్‌లు వీడియో చూడమని చాలెంజ్ చేశారు. అది నిలవకపోవడంతో నిబంధన ప్రకారం వినేశ్‌కి మరో పాయింటు కలిసి 3-2 అయింది. అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని మనిషి ఓడిన రోజది. ఆ మూడో పాయింటు ఎక్కడిదో మన ఇళ్లలో ఎంతమందికి అర్థమైంది? మర్నాడు వినేశ్ బరువు ఎక్కువుందంటూ వచ్చిపడిన వివాదంలో ఆ సంగతి మరుగున పడిపోయింది. 2016 రియోలో సాక్షీ మలిక్ కాంస్యం నెగ్గిన 8-5లో ఎనిమిదోది కూడా అలా వచ్చిందే.

ఇందులో రిఫరీల తప్పేమీ లేదు. నిజానికి సైగలు చక్కగా ఉన్నాయి. రిఫరీ ఎడమ చేతికి ఎర్ర పట్టీ, కుడి చేతికి నీలం పట్టీ ఉంటాయి. ఏ రంగు చెయ్యి ఎత్తి ఎన్ని వేళ్లు చూపితే ఆ రంగు మల్లుడికి అన్ని పాయింట్లు. పక్కన జడ్జి, బల్ల దగ్గర మ్యాట్ చైర్మన్ ఉంటారు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే పాయింటు చెల్లుతుంది. ఎన్ని పాయింట్లు, ఎవరికి అన్నవి కనిపిస్తాయి. ఎందుకు అన్నది మాత్రం ఆ వేళ్లలో కనిపించదు. రెండు వేళ్లు ఎత్తితే అది కింద పడేసి అదుపు చేసినందుకా, వీపు మ్యాట్ వైపు తిరిగినందుకా?

రియోలోనే ఆ లోటు ఎంత దూరం పోగలదో చూశాం. 65 కిలోల కాంస్య పోరులో మంగోలియా మల్లుడు గంజోరిగ్ మందఖ్‌నరాన్ 7-6తో ముందుండి, ఆట ముగియకముందే సంబరపడుతూ తప్పించుకు తిరిగాడు. దానికి శిక్షగా ప్రత్యర్థికి పాయింటు ఇచ్చారు, పతకం ఉజ్బెకిస్థాన్‌కి పోయింది. మంగోలియా కోచ్‌లు ఇద్దరూ మ్యాట్ మీదే బట్టలు విప్పి నిరసన తెలిపారు. నిబంధన రిఫరీ పక్షానే ఉంది. అయినా జనం కేకలు ఆ కోచ్‌ల వైపే ఉన్నాయి, ఎందుకంటే కారణం వాళ్లదాకా చేరలేదు.

చూసేవాళ్లకి అర్థం కాకపోతే ఆటకే ముప్పు. 2013 ఫిబ్రవరిలో కుస్తీని ఒలింపిక్స్ నుంచి తీసేయాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం సిఫారసు చేసింది. అప్పట్లో ఏ పాయింటూ లేని రౌండును తేల్చడానికి సంచిలోంచి రంగు బంతి తీసేవాళ్లు. ఆ రంగు మల్లుడికి ఎదుటివాడి కాలు పట్టుకునే అవకాశం ఇచ్చేవాళ్లు. కష్టపడి ఆడిన ఆటను బంతికి అప్పగించడమన్నమాట! ఆ పద్ధతిని, మూడింట రెండు రౌండ్ల లెక్కను తీసేసి, మొత్తం పాయింట్ల లెక్క తెచ్చాక సెప్టెంబరులో కుస్తీ మళ్లీ చోటు దక్కించుకుంది.

కారణం చెప్పడంలో నాకు సూమో నచ్చుతుంది. జపాన్‌లో రిఫరీ విసనకర్ర చూపించి విజేతను ప్రకటిస్తాడు. అనుమానం వస్తే వలయం చుట్టూ కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు లేచి మధ్యలోకి వచ్చి మాట్లాడుకుంటారు. తర్వాత వారిలో పెద్ద మైకు తీసుకుని, రిఫరీ ఏమన్నాడు, మేం ఏం చూశాం, చివరికి ఏం తేల్చాం అన్నది జనానికి చెబుతాడు. 1969 మార్చిలో వరసగా 45 పోరులు గెలిచిన తైహో ఓడాడని పొరపాటున తీర్పు ఇచ్చారు. తర్వాతి పోటీల నుంచే వీడియో చూడటం మొదలుపెట్టారు. వీడియో వచ్చినా మైకు మాత్రం పోలేదు.

అండమాన్ నికోబార్‌లో ఈ మైకు విషయం ఇంకా ముఖ్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ బెంగాలీ మాట్లాడేవాళ్లు 28 శాతం పైచిలుకు, తెలుగువాళ్లు 13 శాతం. హిందీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడేవాళ్లు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏ పోటీ పెట్టినా గ్యాలరీలో నాలుగైదు భాషలుంటాయి. కార్ నికోబార్‌కి బయటివాళ్లు అనుమతి లేకుండా వెళ్లే వీల్లేదు కాబట్టి పోర్ట్ బ్లెయిర్ తెలుగు కుటుంబాల పిల్లలు కిరిప్ ఆడే అక్కడి గ్రామాల దాకా సులువుగా పోలేరు. కిరిప్ ఆడి పెరిగిన నికోబారీ కుర్రాడికీ అంతే, మ్యాట్ కుస్తీ లెక్క కొత్త. ఇద్దరికీ ఒకేసారి అర్థమయ్యేలా చెప్పగలిగేది చూపించడమే.

పోటీ మొదలయ్యే ముందు ఇద్దరు కుర్రాళ్లతో మ్యాట్ మీద చేయించి చూపాలి. ఇదిగో కింద పడేసి అదుపు చేయడం, రెండు పాయింట్లు. ఇదిగో వీపు మ్యాట్ వైపు 90 డిగ్రీల కన్నా తక్కువకి ఒరగడం, ఇది కూడా రెండు. గీత దాటి అడుగు పడితే ఎదుటివాడికి ఒకటి. చొరవ చూపకపోతే ఏమవుతుందో కూడా చేసి చూపాలి, ఎందుకంటే ఎక్కువ కేకలు వచ్చేది దాని దగ్గరే. పోరు నడుస్తున్నప్పుడు ప్రకటించేవాడు ప్రతి పాయింటుకీ ఎవరికి, దేనికి అన్నది ఒక్క ముక్కలో హిందీలో చెప్పాలి. స్కోరు సమానమైతే పైచేయి ఎవరిదో ఆ అంకె కింద గీత గీసి చూపాలి. పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు, నల్లబల్ల మీద సుద్దతో రాసినా సరే.

కోచ్‌లకి ఇంకొంచెం కావాలి. పోరు జరిగేటప్పుడు రిఫరీతో వాదిస్తే ఫలితం లేదు, పైగా నష్టం. కానీ స్కోరు కాగితంలో ప్రతి పాయింటు పక్కన ఏ పట్టుకి వచ్చిందో, ఏ నిమిషంలో వచ్చిందో రాసి, ఆ సాయంత్రమే నకలు కోచ్ చేతికి ఇవ్వవచ్చు. ఓడిన కుర్రాడు మర్నాడు పొద్దున ఏం సాధన చేయాలో ఆ కాగితమే చెబుతుంది.