పాతపాటయు, పాతకాలమును

మా వరంగల్లున రాత్రి భోజనములైన పిమ్మట రేడియో వినెడి యలవాటు కొన్ని యిండ్లలో నింకను మిగిలియున్నది. ఇప్పుడది చెక్కపెట్టెనుండి గాక చేతిలోని ఫోనునుండి పలుకుచున్నది గావున, హనుమకొండలో కూర్చుండి అమెరికా రేడియోను వినుట వింతకాదు. మా పూర్వవిద్యార్థి యొకడు ఆ దేశమునుండి వ్రాయుచు నొక కార్యక్రమమును వినుడని కోరెను. అది వారమునకొక గంటసేపు 1960, 1970 ప్రాంతపు రాక్ సంగీతమును, హిప్పీలని పేరొందిన నాటి యువజనుల జీవితమును స్మరించునది. మేము ఆఱు వారములు విడువక వింటిమి. అందలి గుణదోషములలో మాకు తోచినవానిని చదువరులకు విన్నవించెదము.

మొదట గుణమును చెప్పుట ధర్మము. ఆ కార్యక్రమమును నడపు పెద్దమనిషి ప్రతి పాటకును ముందు పాడినవారి పేరేగాక గిటారు వాయించినవారెవరో, డ్రమ్ములు వాయించినవారెవరో, రికార్డు ఏ సంవత్సరమున వెలువడెనో శ్రద్ధతో చెప్పును. మన పాతపాటల కార్యక్రమములలో కవిగాయకుల పేర్లు వినబడును గాని, వేణువూదినవా రెవరో, వీణ మీటినవా రెవరో వినబడుట యరుదు. ఈ మర్యాదను మనవారు నేర్చుకొనదగును.

ఇక దోషము. ఆయన నోట ఆ కాలమంతయు పూలును, ప్రేమయు, శాంతియునై యున్నది. ఆ శాంతి యెందుకు కావలసివచ్చెనో మాత్రము చెప్పడు. 1969 ఆగస్టున న్యూయార్కు రాష్ట్రమునందలి యొక పాడిరైతు పొలమున వుడ్‌స్టాక్ ఉత్సవము జరిగెను. సుమారు నాలుగు లక్షల జనము వర్షములో, బురదలో కూర్చుండి పాటలు వినిరి. ఉత్సవాంతమున జిమి హెండ్రిక్స్ తన దేశపు జాతీయగీతమును గిటారుపై వాయించుచు, నడుమ బాంబులు పడునట్టి ధ్వనులను పలికించెను. అది వియత్నాము యుద్ధము నడచుచున్న కాలము. ఆ సంవత్సరమే డిసెంబరు 1న పుట్టినతేదీలను లాటరీ తీసి, యువకులను సైన్యమునకు పిలుచు వరుసను నిర్ణయించిరి. పిలుపు రాగలదను భయముతో నున్న బాలుని చెవికి ఆ గిటారు మధురమా, దారుణమా? ఆ లాటరీ తీసిన వారమునందే, డిసెంబరు 6న, కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ అను చోట జరిగిన కచ్చేరిలో వేదికముందే యొక యువకుడు కత్తిపోట్లకు గురియై మరణించెను. మేము వినిన ఆఱు వారములలో వుడ్‌స్టాక్ పేరు వినని వారము లేదు. ఆల్టమాంట్ పేరు ఒక్కమాఱైనను వినలేదు.

మన దేశముపట్ల నీ స్మరణ మింకను పొరపాటు చేసినది. పండిత రవిశంకరుడు 1967లో మాంటెరీ ఉత్సవమునందును, తరువాత వుడ్‌స్టాక్‌నందును సితారు వినిపించెను. కార్యక్రమమున ఆయన పేరు అగరువత్తి పొగవలె అలంకారమునకు వచ్చును. కాని శ్రోతలు మత్తులో తూగుచు తన సంగీతమును వినుట తనకు బాధ కలిగించెనని ఆయనయే పలుమాఱులు చెప్పెను గదా! ఆ బాధను విడిచి సితారును మాత్రము నిలుపుకొనుట న్యాయము కాదు.

ఈ దోషము పరదేశీయులకే పరిమితమని తలపరాదు. 1971లో దేవానంద్ 'హరే రామ హరే కృష్ణ' యను హిందీ చిత్రమును తీసెను. ఖాట్మండులో హిప్పీల గుంపునబడి మత్తునకు లోనైన చెల్లెలిని వెదకుచు వచ్చిన యన్నగారి కథ యది. ఆమె చివర ప్రాణము తీసికొనును. చిత్రమునకు తాత్పర్యము హెచ్చరిక. అందులో ఆశా భోంస్లే పాడిన 'దమ్ మారో దమ్' అను పాట కథనుండి విడిపడి రేడియోల కెక్కి, ఏ మత్తును ఖండించుటకు చిత్రము పుట్టెనో ఆ మత్తునకే పండుగపాటయై కూర్చున్నది. కథనుండి త్రెంచిన పాట యెట్లు మాఱునో తెలియుటకు వేఱొక నిదర్శన మక్కఱలేదు.

మన యూరి మాటయు నింతే. నాటి తెలుగుపాటలు వినబడగానే "ఆ రోజులే రోజులు" అని నిట్టూర్చు పెద్దలు మాకు పెక్కండ్రు తెలియుదురు. ఆ రోజులలోనే, 1969లో, తెలంగాణ యుద్యమమున విద్యార్థులు చదువులు విడిచి వీధుల కెక్కిరి. ఆ రోజులలోనే, 1965లో, ఆఱుగురు యువకులు దిగంబరకవులమని చాటుకొని, తమ తొలి సంపుటమును రిక్షా కార్మికునిచే ఆవిష్కరింపజేసిరి. సంఘమంతయు తృప్తితోనుండిన నట్టి కోప మేల పుట్టును? 1971 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశమున అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి 16 మందియైనను లేరు. ఆ రోజులు ఎవరికి మంచివో నిట్టూర్చువారు విచారింపవలదా?

శాకుంతలము ఐదవ యంకమున హంసపదిక పాట దుష్యంతుని చెవి సోకును. అది తన్ను దెప్పుచున్న పాటయని యతడు గ్రహించును. అయినను కారణము తెలియని యుత్కంఠ యతని హృదయమును కలచివైచును. ఏదో పూర్వజన్మపు స్నేహము జ్ఞాపకము వచ్చుచున్నదని యనుకొనును. కొంతసేపటికి శకుంతల యెదుటవచ్చి నిలిచినపుడు ఆమె నెఱుగనని పలుకును. పాటకు కరగిన హృదయము మనిషిని గుర్తింపలేకపోయెను. అతనికి దుర్వాసుని శాపము కలదు. మనకే శాపమున్నదని మఱచుచున్నాము?

ఒకనాటి సాయంకాలము మా మిత్రుని యింట, కూతురు తన కిష్టమైన క్రొత్తపాట పెట్టుకొనగా తండ్రి కసరి, "ఇదేమి రొద! మా నాటి పాటలు విను" అనెను. ఆ బాలిక, "నాన్నా, మీ పాటలు విని తాతగా రేమనెడివారు?" అని యడిగెను. మిత్రుడు నవ్వి యూరకుండెను. అమెరికాలో రాక్ సంగీతమును రొదయనిన తండ్రుల బిడ్డలే నేడు నెఱసిన తలలతో క్రొత్తపాటను రొద యనుచున్నారు.

పాతపాటను ప్రేమింపవలదని మా యభిప్రాయము కాదు, మేమును ప్రేమింతుము. పాట పెట్టుటకు ముందు, అది యే దుఃఖమునుండి, యే కోరికనుండి పుట్టెనో రెండు మాటలు చెప్పుడని రేడియోవారిని కోరుచున్నాము. ఇంట పిల్లలు ప్రక్కన కూర్చుండిన, నాడు మీ యక్కచెల్లెండ్రు ఎంతవఱకు చదివిరో కూడ చెప్పుడని తలిదండ్రులను కోరుచున్నాము. అది చెప్పినందున పాట మాధుర్యము తగ్గదు.