ఐదెకరాల మెట్టకు మూడు కొలతలు

విమర్శ అంటే కథ మీదో కవిత మీదో రాసేదని మన సంకలనాల్లో అలవాటైపోయింది. ఈసారి మేము ఒక ప్రభుత్వ పత్రాన్ని విమర్శకు తీసుకుంటున్నాం. దాన్ని అచ్చులో మెచ్చుకున్నవాళ్లూ లేరు, తిట్టినవాళ్లూ లేరు, అసలు చదివినవాళ్లే తక్కువ. అయినా గుమ్మఘట్ట వైపు ఒక సుగాలి కుటుంబం వచ్చే వానాకాలం ఏ కప్పు కింద పడుకోవాలో తేల్చేది ఆ పత్రంలోని ఒక వాక్యమే. దాని సారాంశం ఇది: సాగునీరు లేని భూమి ఐదెకరాలు, ఆపైన ఉన్న కుటుంబానికి ఇల్లు రాదు.

ఇది ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధన. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ఈ పథకం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్రం దీన్ని 2028-29 దాకా పొడిగించి, మరో 2 కోట్ల ఇళ్లు ఇస్తామంది. అప్పుడే అనర్హతలను 13 నుంచి 10కి తగ్గించారు. మోటారు సైకిల్ ఉన్నా ఇక అడ్డు లేదు, ఫ్రిజ్ ఉన్నా లేదు. నెల సంపాదన హద్దు 10 వేల నుంచి 15 వేలకు పెరిగింది. సడలించారన్నారు. బండి, ఫ్రిజ్ విషయంలో అది నిజమే. భూమి దగ్గరికి వచ్చేసరికి మెలిక పడింది. పాత నిబంధనల్లో భూమి లెక్క ఎటు తిరిగినా నీళ్ల దగ్గరికే వచ్చేది: తడి భూమి ఎంత, బోరో మోటారో ఉందా, రెండు పంటలు పండుతాయా అని. నీళ్లు లేని ఉత్త మెట్ట కూడా ఆస్తి కిందికి వచ్చింది కొత్త జాబితాలోనే. బండి ఉన్నవాడికి తలుపు తీసి, మెట్ట రైతుకు మూశారు.

గుమ్మఘట్టలో ఐదెకరాల మెట్ట అంటే ఏమిటో ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు. జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ అదునుకు పడదు. వేరుశనగ విత్తిన ఏడు విత్తనపు కాయలు కూడా తిరిగి రాని సందర్భాలు ఇంటింటికీ ఉన్నాయి. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది, కానీ అది నిండిన ఏళ్లు తక్కువ. నీళ్లు పారిన ఏడు ఆయకట్టు కింద ఉన్నవాడి ఎకరానికి, గట్టు మీద రాళ్ల నేలలో ఉన్నవాడి ఎకరానికి పోలికే లేదు. మార్గదర్శకం మాత్రం రెండున్నర ఎకరాల తరిని, ఐదెకరాల మెట్టను ఒకే తక్కెడలో పెట్టింది. రెండెకరాల మెట్ట ఒకెకరం తరికి సమానమట! ఈ మారకం ఏ కోనసీమలోనో కుదురుతుందేమో.

అసలు విడ్డూరం ఇంకా చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 1977లో వచ్చింది. మన తండాల్లో డి-పట్టా ఉన్న ప్రతి కుటుంబమూ ఆ చట్టం కిందే ఉంది. ‘భూమిలేని పేద’ ఎవరో ఆ చట్టమే చెప్పింది: రెండున్నర ఎకరాల తరికి గానీ ఐదెకరాల మెట్టకు గానీ మించకుండా ఉండి, వేరే బతుకుదెరువు లేనివాడు. ఇప్పుడు రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. సరిగ్గా ఐదెకరాల మెట్ట ఉన్న మనిషి 1977 చట్టం ప్రకారం భూమిలేని పేద. 2024 జాబితా ప్రకారం ఇంటి సాయం అక్కర్లేనంత ఉన్నవాడు. అదే మనిషి, అదే చేను. నువ్వు పేదవాడివి అని చేతికి పట్టా ఇచ్చింది ప్రభుత్వమే, ఆ పట్టాను చూపించి నువ్వు పేదవాడివి కావంటున్నదీ ప్రభుత్వమే.

మూడో కొలత బియ్యం కార్డుది. 2019లో రాష్ట్రం పెట్టిన నిబంధనల ప్రకారం పదెకరాల లోపు మెట్ట ఉన్నా బియ్యం కార్డుకు అర్హులే. అంటే ఏడెకరాల మెట్ట ఉన్న కుటుంబం బియ్యానికి పేద, ఇంటికి కాదు. ఆ కుటుంబం సచివాలయం మెట్లెక్కి ‘మాకు కార్డుంది కదా సార్, ఇల్లెందుకు రాదు?’ అని అడిగితే అక్కడి ఉద్యోగి చెప్పగలిగింది ఒక్కటే, ‘సిస్టం తీసుకోలేదమ్మా.’ ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఏ కొలత దగ్గర పేరు జారిపోయిందో ఆయనకూ ఎవరూ విడమరచి చెప్పలేదు. మనవాళ్లు దాన్ని తలరాత అనుకుని తిరిగొస్తారు.

భూమి కాగితాల చిక్కు దీనికి తోడు. మనలో తండ్రి పోయినా పాసుపుస్తకం తండ్రి పేరుతోనే ఉంటుంది. అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకుంటారు గానీ, భాగాలను ఆన్‌లైన్‌లోకి ఎక్కించుకోరు. ముగ్గురు కొడుకులకు చెరి రెండెకరాలు వచ్చినా రికార్డులో అది ఆరెకరాల కుటుంబం. సర్వేలో ముసలమ్మ ఏ కొడుకు ఇంట ఉందో ఆ కొడుకుకు ఆరెకరాలూ అంటుకుంటాయి. తల్లిని చూసుకుంటున్నవాడికే ఇల్లు తప్పిపోతుంది.

ఇక ‘పక్కా’ అన్న మాట. 2011 సామాజిక ఆర్థిక గణనలో గడ్డి, మట్టి, చేతితో చేసిన పెంకులు కచ్చా కిందికి వచ్చాయి. ఇనుప రేకు, ఆస్బెస్టాస్ రేకు, రాతి బండ పక్కా కిందికి వచ్చాయి. మన ఊళ్లలో బోద కొట్టం ఏటా కప్పుకోలేక అప్పు చేసి నాలుగు రేకులు వేసుకున్నవాళ్లు ఎందరో. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద పసిబిడ్డను పడుకోబెట్టలేరు, వేపచెట్టు కిందికి తీసుకుపోతారు. అయినా కప్పు పక్కాది. పాత మట్టి మిద్దె చల్లగా ఉంటుంది, చవుడు పోసి ఏటా సరిచేసుకుంటే నిలుస్తుంది, అది మాత్రం కచ్చా. కప్పును దేనితో చేశారని అడిగారే గానీ, దాని కింద మనిషి ఉండగలడా అని అడగలేదు.

ఇల్లు మంజూరైన తర్వాతి కథ వేరు. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో ఊళ్లలో ఒక్కో కుటుంబానికి ఒకటిన్నర సెంటు ఇచ్చారు, అంటే 72.6 చదరపు గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలి. పట్టా ఆడవాళ్ల పేరుతో ఇచ్చారు, అది మేము మనసారా మెచ్చుకునే సంగతి. కానీ మేకలెక్కడ? సుగాలి ఇంటికి దొడ్డి ఇంట్లో భాగమే. ఎరుకల కుటుంబానికి పందుల గూడు, ఈత బరిగెలు ఆరబెట్టుకునే చోటు కావాలి. ఆ నమూనా గీసినవాళ్ల మనసులో నెల జీతగాడి కుటుంబం ఉందనిపిస్తుంది. ఇప్పుడు గ్రామాల్లో మూడు సెంట్లు ఇస్తామంటున్నారు. అది మంచి మార్పు, అందరికీ అందితే.

డబ్బు సంగతీ అంతే. అప్పట్లో రాష్ట్రం ఇంటికి 1.80 లక్షలు ఖరీదు కట్టింది. కేంద్రం గ్రామీణ్ పథకంలో మైదాన ప్రాంతానికి ఇచ్చేది 1.20 లక్షలు, దానికి ఉపాధి హామీ 90 పనిదినాల కూలి అదనం. పక్క తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. ఎక్కడైనా సిమెంటూ ఇనుమూ లెక్కలోకి వస్తాయి, నీళ్లు రావు. కరవు నేలలో గోడకూ స్లాబుకూ నీళ్లు పట్టడమంటే ట్యాంకరు కొనడమే. మా దగ్గర బిల్లు పడేది దశలవారీగా: బేస్‌మెంటుకు, రూఫ్ లెవెల్‌కు, స్లాబుకు. మొదటి దశకు పెట్టుబడి ఇంటివాళ్లే తేవాలి. దానికోసం బెంగళూరు పోయి ఇటుకలో కాంక్రీటో మోస్తే, ఫోటో తీయడానికి వచ్చినవాళ్లకు ఇంటికి తాళం కనిపిస్తుంది. ఊళ్ల వెంట మొండి గోడలు నిలబడిపోవడానికి కారణం సోమరితనమని సులువుగా అనేస్తారు. ఆ గోడల కోసమే 2025 మార్చిలో రాష్ట్రం అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. మన తండాల్లో ఈ 75 వేల మాట ఎంతమంది విన్నారో ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులు ఒక్కసారి అడిగి చూడండి.

గిరిజనులకు ప్రత్యేక పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ కింద ఇంటికి 2 లక్షలు. అది చెంచులు, కొండరెడ్లు వంటి ఆదిమ తెగలకు. వాళ్లకు అందడం న్యాయమే. సుగాలి, ఎరుకల, యానాది ఆ జాబితాలో లేరు. 2024 అక్టోబరులో వచ్చిన ధర్తీ ఆబా కార్యక్రమం మరింత విశాలం, 20 లక్షల ఇళ్లు దాని లక్ష్యం. కానీ అది ఊరిని బట్టి ఎంచుతుంది. ఐదొందల జనాభా, అందులో సగం గిరిజనులు ఉండాలి. ఆకాంక్షిత జిల్లాల్లోనైతే 50 మంది గిరిజనులున్నా చాలు, అనంతపురం ఆ జిల్లాల్లో లేదు. నూటికి నూరు మందీ సుగాలీలే ఉన్న తండా పెద్ద రెవెన్యూ గ్రామం లెక్కలో కలిసిపోతే ఆ సగం ఎక్కడా కనిపించదు. మాకు షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. చెంచులకు శ్రీశైలంలో, యానాదులకు నెల్లూరులో ఐటీడీఏలు ఉన్నాయి, అనంతపురానికి లేదు. గ్రామీణ్ పథకంలో ఎస్సీ ఎస్టీలకు కనీసం 60 శాతం ఇళ్లు కేటాయించారన్నది గొప్ప నిబంధనే. అయితే అది గడప దాటినవాళ్లకు. ఐదెకరాల కొలత గడప బయటే నిలబడి ఉంది.

ఇప్పుడు మన రాతల సంగతి. గుడిసె మీద కవిత లేని గిరిజన సంకలనం మేము చూడలేదు. చిల్లుల్లోంచి చుక్కలు కనిపించాయని రాస్తాం. ఆ చిల్లుల్లోంచి వాన పడిన రాత్రి పుస్తకాల సంచిని ఏ మూలకు లాగారో మన బడిపిల్లలు చెబుతారు, అది రాయం. లేదా పాలకులను మొత్తంగా తిట్టి ముగిస్తాం. ఆ తిట్టు ఏ ఆఫీసులోనూ ఎవరికీ తగలదు. ఫలానా పత్రంలో ఫలానా నిబంధన 1977 చట్టంతో పొసగడం లేదని రాస్తే తగులుతుంది, ఎందుకంటే దానికి జవాబు రాయాల్సి వస్తుంది. డిప్లొమా చదివి పాఠ్యపుస్తకంలోని పద్యానికి ప్రతిపదార్థం చెప్పగలిగిన మనం, తండాకు అతికే ఒక నిబంధనకు ప్రతిపదార్థం చెప్పలేమా?

పథకాల పేర్లు కూడా ఆ పని కష్టం చేశాయి. ఇందిరమ్మ, ఎన్టీఆర్, జగనన్న, ప్రధానమంత్రి. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, పేరుతో జాబితా మారుతుంది, పాత దరఖాస్తు చెల్లదేమోనన్న భయం మిగులుతుంది. ముసలివాళ్లు ఏ పథకాన్నయినా ‘ఇందిరమ్మ ఇల్లు’ అనే అంటారు. వాళ్లను చూసి నవ్వే కుర్రవాళ్లు తాము దరఖాస్తు పెట్టింది ఏ పథకానికో చెప్పలేరు.

అడగాల్సిన చోట్లు ఉన్నాయి. గ్రామీణ్ జాబితా గ్రామసభలో చదవాలి, పేరు తీసేస్తే కారణం సభ మినిట్స్‌లో రాయాలి. దాని మీద జిల్లా స్థాయిలో అప్పీలు కమిటీ ఉంది. కారణం రాతపూర్వకంగా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చేటప్పుడు ‘ఇల్లు ఇప్పించండి’ అని కాకుండా, పేరు ఏ నిబంధన కింద తీశారు, భూమి రికార్డులో ఎవరి పేరుతో ఎంత ఉంది, అందులో తడి ఎంత, మెట్ట ఎంత అని రాసివ్వండి. అన్నదమ్ముల భాగాలు విడిగా ఎక్కించుకోవడం సర్వే రాకముందే జరగాలి, వచ్చాక కాదు. ప్రతి తండాలో ఇంటర్ చదివినవాళ్లు ఇద్దరన్నా ఉన్నారు. వాళ్లు ఒక నోటుబుక్కు పెట్టి ఎవరి కప్పు ఏది, ఎవరి పట్టా ఎంత, ఎవరి గోడ ఏ దశలో ఆగింది అని ఇంటింటికీ రాస్తే, వచ్చే గ్రామసభలో ఆ నోటుబుక్కు తెరిచి పెట్టవచ్చు.