ఆ అరగంట ఖరీదు

హైవే మీద రాత్రింబవళ్లు ఒక క్రేన్ సిద్ధంగా ఉండాలని ఫైలు పెడితే ఆర్థిక విభాగం మొదట అడిగేది ఒకటే: "దీనివల్ల ఎన్ని ప్రమాదాలు తగ్గుతాయి?" లారీ పడిపోయాక వచ్చే క్రేన్ ఆ ప్రమాదాన్ని ఎలా ఆపుతుంది? అది మిగిల్చేది సమయం. ఆ సమయానికి విలువ కట్టి చూపించడమే నాలాగా ఈ ప్రతిపాదనలు రాసేవాళ్ల పని.

హైదరాబాద్–విజయవాడ హైవేనే తీసుకోండి. ఒక్కోవైపు రెండు లేన్లు. చౌటుప్పల్ దగ్గర ఉల్లిగడ్డల లారీ ఒక లేన్‌కు అడ్డంగా పడిందనుకుందాం. సగం రోడ్డు మిగిలిందిగా అంటారు. అమెరికా వాళ్ల హైవే కెపాసిటీ మాన్యువల్ ప్రకారం మిగిలేది 35 శాతమే. ప్రతి డ్రైవరూ అక్కడ బ్రేకు మీద కాలేస్తాడు, తల తిప్పి చూస్తాడు, చెల్లాచెదురైన బస్తాలు తప్పించుకుంటూ ఉన్న ఒక్క వరసలోకి దూరతాడు.

ఆ రోడ్డు గంటకు 4,000 వాహనాలను పంపగలదు, వస్తున్నవి 2,700 అనుకోండి. లేన్ మూసుకుపోతే దాటగలిగేవి 1,400. గంటలో 1,300 బండ్లు పేరుకుంటాయి. గంట తర్వాత లారీ తీశాక ఆ బారు కరగడానికి మరో గంట. మొత్తం నష్టం 1,300 వాహన గంటలు. అదే లారీని అరగంటలో తీసేస్తే 325. సమయం సగానికి తగ్గితే నష్టం నాలుగో వంతుకు దిగింది. ఫైలు మొత్తంలో నేను గట్టిగా నమ్మే లెక్క ఇది.

ఈ లెక్క నిలబడాలంటే రిజిస్టరులో మూడు టైములుండాలి: ఫోన్ వచ్చింది, క్రేన్ చేరింది, లేన్ తెరిచింది. నేను చూసిన రిజిస్టర్లలో మొదటిది ఉంటుంది, రెండోది ఒక్కోసారి ఉంటుంది, మూడో గడిలో "క్లియర్ అయింది" అని రాసి ఊరుకుంటారు. అన్నిటికన్నా విలువైన గడి అదే. 108 సేవ 2005లో హైదరాబాద్‌లోనే మొదలైంది. అప్పటి నుంచి అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో వచ్చిందని అడగడం మనకు అలవాటైంది. రోడ్డు ఎప్పుడు తెరిచారనీ అడగాలి. ఆ అంబులెన్స్ వెళ్లాల్సింది కూడా ఆ దారినే.

ప్రాణాన్ని మాత్రం ఈ లెక్కలో కలపను. గాయపడ్డాక తొలి గంటను గోల్డెన్ అవర్‌గా 2019 మోటారు వాహనాల సవరణ చట్టమే గుర్తించింది. దానికి విడిగా ఒక పేజీ, అదీ మొదటి పేజీ. మిగతా గంటలకు ధర కట్టేటప్పుడు బస్సును ఒక్క బండిగా లెక్కేయడం అన్యాయం. అందులో నలభై మంది ఉంటారు. కారులో కూర్చున్నాయన గంటకూ, బస్సులో నిలబడ్డ కూలీ గంటకూ ఒకే రేటు వేస్తాను.