అన్యస్మృతి: ‘వాచ్‌మెన్’ ఆఱవ భాగము

అమెరికాదేశమున హెచ్.బి.ఓ. సంస్థ 2019వ సంవత్సరమునఁ బ్రసారము చేసిన ‘వాచ్‌మెన్’ అను కథామాలికలోఁ దొమ్మిది భాగములు గలవు. అలన్ మూర్ రచించి డేవ్ గిబ్బన్స్ చిత్రించిన 1986-87 నాటి బొమ్మలకథ దీనికి మూలము. అందు ముసుఁగు ధరించి దుష్టశిక్షణమునకుఁ బూనిన తొలివీరుఁడు ‘హుడెడ్ జస్టిస్’. వాఁ డెవ్వఁడో నిశ్చయముగాఁ జెప్పక మూలకర్త విడిచెను. ఆ విడిచిన చోటనే ‘దిస్ ఎక్స్‌ట్రార్డినరీ బీయింగ్’ అను నాఱవ భాగము పుట్టినది. డేమన్ లిండెలాఫ్, కార్డ్ జెఫర్సన్ దీని రచయితలు. స్టీఫెన్ విలియమ్స్ దర్శకుఁడు. ఈ రచనకు 2020లో ఎమ్మీ బహుమానము లభించినది.

ఇందలి కథ యించుమించుగాఁ బూర్వవృత్తమే. ముసుఁగు ధరించియే విధి నిర్వర్తించు టల్సా నగరపు రక్షకభటోద్యోగిని ఏంజెలా ఏబార్, తన తాతయగు విల్ రీవ్స్ జ్ఞాపకములను గుళికల రూపమున మ్రింగి, యాతని యౌవనమును దానే యనుభవించును. పూర్వకథాకథనము సామాన్యముగాఁ బ్రధానకథను నిలిపివేయును. వక్త చెప్పుచుండ శ్రోత యూరకుండును. ఇచట నట్లు గాదు. సంస్కారమాత్రమునఁ బుట్టు జ్ఞానము స్మృతి యని తార్కికుల మతము. ఒకరి సంస్కారమువలన వేఱొకరికి స్మృతి కలుగదు. గుళిక యా నియమము నుల్లంఘించుటచేఁ దాతకు స్మృతియైనది మనుమరాలి కనుభవమైనది. అందులకే విల్ నిలువవలసిన చోటఁ గొన్నిమాఱు లేంజెలాయే నిలుచును. వర్ణములు తొలఁగి చిత్రము నలుపు తెలుపులుగా మాఱును. దృశ్యము లొకదానిలోని కొకటి జాఱును. ఇది కేవలాలంకారము గాదు. వంశదుఃఖము వినినంతఁ దెలియదు, మోసినఁగాని తెలియదన్న యర్థమునకు సాధనము.

1921 మే 31, జూన్ 1 తేదీలలోఁ దెల్లవారి మూఁక టల్సాలోని గ్రీన్‌వుడ్ పేటను దగులఁబెట్టి నల్లజాతివారి ననేకులఁ జంపినది చరిత్ర. ఆ ఘోరమునుండి బాల్యమున బ్రదికి బయటపడినవాఁడుగా విల్ కల్పింపఁబడెను. 1938లో న్యూయార్కున నతఁడు భటుఁడయ్యెను. తోడి భటులే యాతని తలకు ముసుఁగు దొడిగి చెట్టున నురివేసి, ప్రాణము పోకముందే దింపి బెదరించిరి. మెడ నురిత్రాటితోనే యిల్లు చేరుచు, త్రోవలో దుండగుల పాలైన దంపతులను జూచి, యా ముసుఁగునే ధరించి కాపాడెను. అవమానచిహ్నమే వీరచిహ్నమయ్యెను. అయినను వీరుఁడు నల్లవాఁడన్న లోక మోర్వదు గనుక, భార్య జూన్ హితవుపైఁ గన్నులచుట్టును దెల్లరంగు పూసికొనెను. తుదకుఁ జిన్నికుమారుఁడు తండ్రి ననుకరించి తెల్లరంగు పూసికొనఁగా విల్ ఉగ్రుఁడయ్యెను. జూన్ కుమారునిఁ దోడ్కొని విడిచిపోయెను. రౌద్రము కరుణమునఁ బర్యవసించు నీ ఘట్టమే భాగమున కెల్లఁ బ్రాణము.

దోష మొకటి కలదు. ‘సైక్లప్స్’ అను గూఢసంఘము చలనచిత్రయంత్రపు వెలుఁగుచే నల్లజాతివారిని సమ్మోహపఱచి తమలోఁ దాము కొట్లాడఁజేయునఁట. 1921 నాటి మూఁకకు సమ్మోహనయంత్రము వలసినదా? ద్వేషమే చాలినది. వృద్ధుఁడైన విల్ ఆ వెలుఁగుచేతనే రక్షకభటాధ్యక్షుఁడగు జడ్ క్రాఫర్డ్ తన్నుఁ దానురివేసికొనునట్లు చేయుటతో మొదటి భాగపుఁ జిక్కు విడుట నిజము. కథకు లాభము, అర్థమునకు నష్టము.

అయినను మూలమందలి వీరుని మెడను ద్రాడేల యున్నదను ప్రశ్నకు దీనికంటె నుచితమగు సమాధాన మూహించుట కష్టము. ఒకరు విడిచిన శూన్యమును బూరించుట సులభము; పూరించి మూలమును మరలఁ జదివించుట దుర్లభము. ఈ భాగ మా దుర్లభమును సాధించినది.