లింబాద్రి: ఒక పేరులోని పనితనం

నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ చుట్టుపక్కల ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా ఒక పేరు రకరకాల వేషాల్లో ఎదురవుతుంది. లింబాద్రి, లింబయ్య, లింబన్న, లింబారెడ్డి, లింబాగౌడ్, లింబవ్వ. ఆర్మూరు, బాల్కొండ వైపు పోయినా, అవతల మెట్‌పల్లి దిక్కు పోయినా ఇదే వరస. గోదావరి జిల్లాల్లోనో రాయలసీమలోనో మాత్రం ఈ పేరు వినపడడం అరుదు. అక్కడివాళ్లు మొదటిసారి వింటే లింగాద్రి కాబోలు అనుకుంటారు. తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుడిగా పనిచేసిన ఆచార్య ఆర్. లింబాద్రి వల్ల ఈ పేరు పత్రికలు చదివేవాళ్లందరికీ తెలిసింది. తెలిసింది సరే, అది ఎంత నేర్పుగా తయారైన పేరో నిలబడి చూసినవాళ్లు తక్కువ.

పేరు పుట్టింది భీమ్‌గల్ దగ్గరి గుట్ట మీద. అక్కడ కొలువైన దేవుడు లక్ష్మీనరసింహస్వామి. కార్తీకమాసంలో జాతర జరుగుతుంది, పున్నమికి రథం కదులుతుంది. పూజలో, సంకల్పంలో ఆ క్షేత్రం పేరు నింబాచలం, నింబాద్రి. నింబం అంటే వేప, ఈ ఊళ్లలో యాప. అద్రి అంటే కొండ. రెండూ కలిస్తే సవర్ణదీర్ఘ సంధి, వేపచెట్ల కొండ. ఇంతవరకు పని పండితుడిది. ముక్కలు రెండూ సంస్కృతానివే, అతుకు కూడా వ్యాకరణం చెప్పినట్టే పడింది. ఆయన దగ్గరే ఆగిపోతే ఇది పంచాంగంలో ఉండే పేరు అయ్యేదే తప్ప పొలం గట్టు మీద నిలబడి పిలుచుకునే పేరు అయ్యేది కాదు.

రెండో చెయ్యి వేసింది జనం నోరు. నింబలోని నకారాన్ని తీసి లకారం పెట్టింది. చూడ్డానికి చిన్న మార్పు, కానీ లోపల లెక్క ఉంది. నింబ అన్నప్పుడు మొదటి న ముక్కుతో పలుకుతుంది. దాని వెనకే వచ్చే సున్న బకారం ముందు మకారంగా మారి, అదీ ముక్కుతోనే పలుకుతుంది. రెండు అనునాసికాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వస్తే నాలుక మొదటిదాన్ని సడలిస్తుంది. న పలికే చోటే నాలుక ఆనించి, గాలిని ముక్కులోంచి కాకుండా పక్కలనుంచి వదిలితే ల వస్తుంది. అంటే నాలుక చోటు మారలేదు, గాలి దారి ఒక్కటే మారింది. ఈ పని మనవాళ్లు పేర్లలోనే చేస్తారని కాదు. ఇదే ప్రాంతంలో పెద్దవాళ్లు నంబరును "లంబర్" అంటారు. "నీ ఫోన్ లంబరు చెప్పు బిడ్డా" అనే ముసలమ్మ నోట్లో, నింబను లింబ చేసిన సూత్రమే పనిచేస్తోంది. ఉత్తరాదిలో శిస్తు వసూలు చేసే లంబర్‌దారు కూడా ఈ నంబరు నుంచి పుట్టినవాడే. ఈ అక్షరాలు రెండూ చోటు మార్చుకోవడం పాత అలవాటు. సంస్కృతంలో లాంగలం, తెలుగులో నాగలి.

ఇక్కడ మరాఠీ పొరుగు కూడా కలిసొచ్చింది. మరాఠీలో వేప లింబ్, నిమ్మ లింబూ. గుజరాతీలోనూ వేపకు లకారమే. నాందేడ్ జిల్లా మనకు పొలిమేర. 1956 దాకా నాందేడ్, పర్భణీ వంటి మరాఠ్వాడా జిల్లాలూ మన ఇందూరూ (నిజామాబాద్) ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. సంతలు, పెళ్లిళ్లు, కచేరీ పనులు కలిసే నడిచాయి. అటువైపు లింబాజీ, లింబరాజ్ అనే పేర్లున్నాయి. మరాఠీ దళిత రచయిత శరణ్‌కుమార్ లింబాళే ఇంటిపేరులోనూ ఆ లింబ వినిపిస్తుంది. అయితే ఇది పూర్తిగా అరువు సొమ్మని తీసిపారేయడానికి లేదు. వేము అన్నా వేపే, ఆ వేములవాడ పాత పేరు శాసనాల్లో లేంబులవాటిక, లేంబులపాటక. వేములవాడ చాళుక్య రాజు అరికేసరి 966లో వేయించిన పర్భణీ తామ్రశాసనం ఆ పేరే చెబుతుంది. ఈ నేల మీద లకారం వెయ్యేళ్ల కిందటే వినిపించిందన్నమాట.

ఇక పేరు నడక. లిం గురువు, బా గురువు, ద్రి లఘువు. ఛందస్సు భాషలో తగణం. సింహాద్రి, భద్రాద్రి, శేషాద్రి, నీలాద్రి, అన్నీ ఒకే అచ్చులో పోసిన బెల్లం ముద్దలు. రెండు బరువైన అడుగులు, ఒక తేలికపాటి ముగింపు. పిలిచేటప్పుడు చివరి అక్షరం సాగి "లింబాద్రీ" అవుతుంది, మూడూ గురువులే. దూరంగా చెలకలో ఉన్నవాడికి వినపడాలంటే అంతకన్నా మంచి కొలత దొరకదు. సున్న దగ్గర పెదవులు మూసుకుంటాయి, బా దగ్గర ఒక్కసారి విచ్చుకుంటాయి, గొంతు పూర్తిగా తెరుచుకునేదీ ఆ దీర్ఘం దగ్గరే. సంధిలో వ్యాకరణం కోసం వచ్చిన దీర్ఘం పిలుపులో గొంతుకు పనికొచ్చింది.

జనం గుట్టను పిలిచే తీరు ఇంకా ముచ్చటైనది. వాళ్లు లింబాద్రి అని ఊరుకోరు, లింబాద్రి గుట్ట అంటారు. అద్రి అన్నా గుట్ట అన్నా కొండే గదా, రెండుసార్లు ఎందుకు అని పండితుడు నవ్వొచ్చు. యాదగిరిగుట్టలోనూ గిరి ఉంది, గుట్ట ఉంది. ఇది తెలియక చేసిన తప్పు కాదు. లింబాద్రి అనేది అప్పటికే దేవుడి పేరు, పక్కింటి మనిషి పేరు అయిపోయింది. కొండ అని చెప్పాలంటే కొండకు వేరే మాట కావలసి వచ్చింది. పేరు ఎంతగా మనిషిదైందో చెప్పడానికి ఈ అదనపు గుట్టే సాక్ష్యం.

నరసింహస్వామి భక్తులకు నర్సయ్య, నర్సింలు, నర్సవ్వ ఉండగా ఈ పేరెందుకు? నర్సయ్య అంటే ధర్మపురి స్వామి మొక్కు కావచ్చు, యాదగిరిగుట్ట మొక్కు కావచ్చు. దేవుడెవరో తెలుస్తుంది, ఏ గుట్టవాడో తెలియదు. సంతానం కోసమో, పుట్టిన బిడ్డ నిలవాలనో మొక్కుకున్న తల్లికి గుట్ట ఏదన్నదే ముఖ్యం. అందుకే నల్లగొండ, భువనగిరి దిక్కు యాదగిరులు, కొమురవెల్లి దిక్కు కొమురయ్యలు, ఉత్తరాంధ్రలో సింహాచలాలు, ఇక్కడ లింబాద్రులు. మనిషి పేరు వింటే ఆ ఇంటివాళ్లు ఏ గుడి మెట్లెక్కి పుట్టువెంట్రుకలు తీయించారో చాలాసార్లు చెప్పేయొచ్చు.

మూడో చెయ్యి ఇంటిది. పూర్తి పేరు బడి రిజిస్టరుకు, పట్టాదారు పాసుపుస్తకానికి. వాడకానికి లింబ ఒక్కటి చాలు. దానికి అయ్య చేరిస్తే లింబయ్య, అన్న చేరిస్తే లింబన్న. ఆడపిల్లకు అద్రి అతకదు, కనుక లింబవ్వ. ఒకే ఇంట్లో, ఒకే వాడలో ఇద్దరుంటే పెద్ద లింబన్న, చిన్న లింబన్న. ఏ తోక తగిలించినా మొదటి ముక్క చెక్కుచెదరదు, గుట్ట గుర్తు పోదు. అదే వేంకటాద్రిని చూడండి. వాడుకలో అది వెంకన్న, వెంకయ్య అయ్యేసరికి కొండ రాలిపోయి దేవుడు మిగులుతాడు. లింబన్నలో కొండ రాలిపోయినా చెట్టు మిగిలింది, ఆ చెట్టే కొండ గుర్తు.

ఈ పేరుకు ఒక్కటే బెడద, లింగయ్య. రాతలో రెండు పేర్లకూ తేడా ఒక్క అక్షరమే, కానీ లింగయ్య శివుడివాడు, లింబయ్య నరసింహుడివాడు. ఈ ప్రాంతం తెలియని గుమాస్తా చేతిలో లింబయ్య సులువుగా లింగయ్య అయిపోతాడు. తర్వాత బ్యాంకు ఖాతాలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే దిద్దించుకోవడానికి మీసేవ చుట్టూ తిరగాల్సింది పేరుగల మనిషే.

కొండను పేరుగా పెట్టుకోవడం మన సొంతమేమీ కాదు. చైనావాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, పిలిచే పేరు తర్వాత చెబుతారు. అక్కడ కొండ అనే అర్థమున్న షాన్, శిఖరమనే అర్థమున్న ఫెంగ్ మనుషుల పేర్లలో తరచూ కనిపిస్తాయి. 17వ శతాబ్దపు ప్రసిద్ధ లేఖనకారుడు, వైద్యుడు ఫూ షాన్ పేరు అటువంటిదే. కానీ అక్కడ కొండ సాధారణంగా ఒక గుణం. పిల్లవాడు కొండలా స్థిరంగా, ఎత్తుగా ఉండాలని కోరిక. ఏ కొండ అని ఎవరూ అడగరు. లింబాద్రిలో గుణం మాటే లేదు. ఫలానా మండలంలో, ఫలానా ఊరి పక్కన ఉన్న గుట్ట. అది ఆశీర్వాదం కంటే మొక్కు చెల్లించిన రశీదుకు దగ్గర.

పేరు మనిషి నేలను పట్టిచ్చే సంగతి బోధన్ వైపు పోతే ఇంకా బాగా తెలుస్తుంది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది, ఆ దశాబ్దంలోనే బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ నీళ్ల కోసం, చెరకు కోసం కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లతోపాటు వెంకటేశ్వర్లు, సత్యనారాయణ, సుబ్బారావు వచ్చారు. పక్కపక్కనే చెరకు పండించినా పేర్లు రెండు దారులు. లింబారెడ్డి అనే పేరు వింటే ఇక్కడి పాత కాపు అనీ, సుబ్బారావు అంటే క్యాంపు మనిషి అనీ వినేవాళ్లు పోల్చుకునేవారు.

ఇప్పటి పిల్లలకు ఈ పేరు పెట్టేవాళ్లు తగ్గారు. తాత లింబయ్య, తండ్రి లింబాద్రి ఉన్న ఇంట్లో మనవడు రిత్విక్. దానికి ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు, ఏ కాలం పేర్లు ఆ కాలానివి. నా పేచీ ఇంకొకటి. ఈ పేరును సంస్కరించాలని, లకారం పల్లెటూరి యాస అని, అసలు రూపం నింబాద్రేనని దిద్దబోయేవాళ్లు ఉన్నారు. నింబాద్రి అని రాస్తే అర్థం నిఘంటువులో దొరుకుతుంది, నిజమే. కానీ పండితుడు చేసినంతే మిగిలి, మిగతా ఇద్దరి పనీ పోతుంది. ఈ ప్రాంతపు నోరు, పొరుగు భాష, వెయ్యేళ్ల లేంబులవాటిక, అన్నీ నిలిచింది ఆ ఒక్క లకారంలోనే. పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, ఉన్న పేరును దిద్దొద్దు.