మామిడితోపులో కాపలాదారు కూతురు

ఐరాల లాంటి మండల కేంద్రంలో పదో తరగతి ఏడాదికి ఒక హడావుడి ఉంటుంది. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల పిలకాయలు బస్సుల్లో, ఆటోల్లో, సైకిళ్ల మీద దిగుతారు. స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్ పరీక్షలు. తొమ్మిదో తరగతివాళ్లు ఇచ్చే వీడ్కోలు, గ్రూపు ఫోటో, ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలు. ఈ బడి రోజుల గురించి తెలుగులో కథలుగా, జ్ఞాపకాల వ్యాసాలుగా, పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికలుగా చాలా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. వాటిని ఇష్టంగా చదివే గిరిజన పాఠకుల్లో నేనూ ఒకణ్ణి. అలా చదువుతూ గమనించిన ఒక విషయం గురించే ఈ వ్యాసం.

ఈ రాతల్లో తరచుగా కనిపించే ఘట్టం మామిడికాయల దొంగతనం. మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి నలుగురు స్నేహితులు తోపులో దూరతారు. కాయలు కోస్తారు. కాపలావాడు కర్ర పట్టుకుని తరుముతాడు. చెప్పులు వదిలేసి పరుగో పరుగు. మరునాడు అయివారి చేత నాలుగు దెబ్బలు. ముప్పై ఏళ్ల తర్వాత రచయిత దాన్ని తలుచుకుని ముచ్చటపడతాడు, మనమూ నవ్వుకుంటాం.

ఆ కాపలావాడు ఎవరు? మా చిత్తూరు జిల్లాలో తోటలకు కాపలా ఉండే కుటుంబాల్లో యానాదులు ఎందరో. తోపులోనే గుడిసె. కాయ పోతే యజమానికి జవాబు చెప్పుకోవలసినవాడు అతడే. ఆ గుడిసెలో పదో తరగతి చదివే కూతురు ఉండొచ్చు. తరుముతున్న నాన్నను, పరిగెత్తుతున్న తన క్లాసు పిల్లల్ని ఆ పిల్ల ఒకేసారి చూసి ఉండొచ్చు. మరునాడు అదే గదిలో వాళ్ల పక్క వరుసలో కూర్చుని ఉండొచ్చు. నేను చదివినంతలో ఆ పిల్ల వైపు నుంచి ఈ ఘట్టం రాసినవాళ్లు కనబడలేదు. కాపలావాడు పేరు లేని హాస్యపాత్రగానే మిగిలిపోయాడు.

అదే కాయ ఎరుకల పిల్లాడు కోశాడనుకుందాం. అప్పుడు దాన్ని చిలిపితనం అనేవాళ్లు ఎంతమంది? మా తాతల్ని బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద రాసిపెట్టింది. 1871లో మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. వేలిముద్రలు తీసుకున్నారు, వేళకు వచ్చి హాజరు వేయించుకోమన్నారు. దేశమంతటా అది రద్దయింది 1952లో. చట్టం పోయినా అనుమానం అంత తొందరగా పోలేదు. ‘హాజరు’ అన్న మాట మా తాతలకు పోలీసు పుస్తకం, మాకు బడి పుస్తకం. అందుకే బాల్యంలో చేసిన దొంగతనాన్ని నవ్వుతూ అచ్చేసుకోవడం కూడా ఒక వెసులుబాటేనని నాకనిపిస్తుంది. అది ఉన్నవాళ్లకు ఉన్నట్టు తెలియదు.

ఇది ఆ రచయితల మీద కోపంతో అంటున్నది కాదు. నామిని ‘సినబ్బ కతలు’ చదివినప్పుడు, మా సీమ మాట అచ్చులో కూడా అంత దర్జాగా నిలబడుతుందా అని పొంగిపోయాను. ఆయన రాసింది రైతు ఇంటి బాల్యం. ఆయన ఎరిగిన ఇంటి గురించి ఆయన రాశారు. మన ఇంటి గురించి ఆయన రాయలేదని అడగడం న్యాయం కాదు. ఆ పని మనది.

మరి మనమేం రాశాం? మన బడి కథలు ఎక్కువగా రెండు దారుల్లో నడిచాయి. ఒకటి అవమానం. రెండోది విజయం: కాలనీలో మొదటగా పది పాసైన పిల్లాడు. రెండూ నిజాలే, రెండూ రాయాల్సినవే. నేనూ అదే చేశాను. స్కాలర్‌షిప్ జాబితా అందరి ముందు కులం పేరుతో చదివిన రోజును ఇప్పటికి మూడుసార్లు రాశాను. అదే ఏడాది హిందీ పద్యం అప్పజెప్పలేక మేం నలుగురం వరసగా నిలబడి, ఒకణ్ణి చూసి ఒకడు నవ్వాపుకోలేక ఇంకో నాలుగు దెబ్బలు తిన్న రోజును ఒక్కసారి కూడా రాయలేదు. అది రాయదగ్గదని తోచలేదు. మన జీవితంలో దుఃఖమో గెలుపో ఉంటేనే ఎవరైనా చదువుతారని మనమే నమ్మేశాం.

ఇక్కడే మనం నష్టపోతున్నాం. పై కులాల పిల్లాడికి సాహిత్యంలో మామూలు రోజు దొరికింది. మన పిల్లాడు అయితే బాధితుడు, కాకపోతే ఆదర్శం. ఇంట్లో కుర్రు భాష మాట్లాడి, బడిలో తెలుగు పద్యం అప్పజెప్పే పిల్ల పొద్దంతా ఏ మాటల్లో ఆలోచిస్తుంది? చెరుకు నరికే కాలమూ ప్రీ ఫైనల్ పరీక్షలూ ఒకేసారి వస్తే, గానుగ దగ్గర చదువు ఎలా సాగుతుంది? గ్రూపు ఫోటోకు డబ్బులు కట్టలేని వాడు ఆ రోజు ఏ సాకు చెప్పి ఇంట్లో ఉండిపోతాడు? ఇవి పెద్ద సంఘటనలు కావు. బడి అంటే ఎక్కువగా ఇవే.

ఇతర చోట్ల దారి పడుతోంది. ఉత్తరాంధ్ర నుంచి మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’, తెలంగాణ తండాల నుంచి రమేశ్ కార్తీక్ నాయక్ ‘ధావ్లో’ వచ్చాయి. లోపలివాళ్లు రాస్తే ఎలా ఉంటుందో అవి చూపించాయి. చిత్తూరు మైదానాల్లోని యానాది, ఎరుకల, సుగాలి పిల్లల బడి మాత్రం ఇంకా రాతలోకి రావలసే ఉంది.

అందుకే ఈ పుస్తకం చదివే చిన్నవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఆ మామిడితోపు కథను మళ్లీ రాయండి, గుడిసె వైపు నుంచి. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ పిల్ల లెక్కలు చేసుకుంటోంది. తోపులో అలికిడైంది. చూస్తే తన క్లాసువాళ్లే. నాన్నను కేక వేస్తుందా, చూడనట్టు తల వంచుకుంటుందా, కొంచెం ఉప్పూ కారం పొట్లం కట్టి ఇస్తుందా? నాకు తెలియదు. ఆ గుడిసెలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది.