ఎత్తుబడి అందించేవాడు

పడక సీనుకు మంచం ఎటు వేయాలన్నది చూసేవాళ్లకు చిన్న విషయం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడించేవాళ్లకు మాత్రం ఆ సీను బతకడమూ చావడమూ దాని మీదే ఆధారపడి ఉంటుంది. కృష్ణుడు పడుకుని ఉంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. కళ్లు తెరవగానే కృష్ణుడి చూపు ముందు అర్జునుడి మీద పడాలి, ఆ చూపు జనానికీ కనపడాలి. తలవైపు వేసిన ఆసనం మైకుకు దూరమైతే దుర్యోధనుడి పద్యం గాలికి పోతుంది. అందుకే మంచం, ఆసనం, మైకు ఎక్కడుండాలో రిహార్సల్లోనే నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోవాలి. ప్రదర్శన రాత్రి వెతుక్కుంటే ఆ చోట్లు దొరకవు.

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెలకు పద్యనాటకం ఇంటి విద్య. వరినాట్లు ముగిశాక కోతల లోపు దొరికే తీరికలో ఊరి కుర్రాళ్లు హార్మోనియం మాస్టారిని పెట్టుకుని నాటకం నేర్చుకోవడం, సంక్రాంతికో శివరాత్రికో శ్రీరామనవమి పందిట్లోనో ఆడటం ఇక్కడి ఆనవాయితీ. పాశ్చాత్య సంగీత నాటకాల్లో రిహార్సల్ మొదటిరోజు నుంచి చివరి తెర దాకా అన్నీ చూసుకునే మనిషిని స్టేజి మేనేజరు అంటారు. మన దగ్గర ఆ పని ముగ్గురు పంచుకున్నారు. స్వరం హార్మోనిస్టుది, మాట ప్రాంప్టరుది, తెర దాన్ని లాగే మనిషిది. ఈ ముగ్గురూ ఒక్క మనిషిలా కదలడం నేర్చుకునే చోటే రిహార్సల్.

మాస్టారు మొదట చూసేది శృతి. కృష్ణుడు అయిదు శృతిలో, అర్జునుడు నాలుగులో పాడేవాళ్లయితే ఒకే సీనులో హార్మోనియం రెండు మెట్ల మధ్య తిరగాలి. అర్జునుడి పద్యం ముగిసి కృష్ణుడి వచనం నడుస్తుండగానే, దాని చివరి మాట కింద మాస్టారు కొత్త శృతిని మెల్లగా పరుస్తారు. నటుడికి అదే సైగ. మైకుల్లేని రోజుల్లో వెనక వరుసకూ వినపడాలని పై శృతుల్లో పాడటం అలవాటైంది. మైకులు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, పోకపోవడమే మంచిదైంది. తారస్థాయిలో నిలబడ్డ రాగం కోసమే జనం తెల్లవార్లూ కూర్చున్నారు.

అసలు చిక్కంతా పద్యానికి తాళం లేకపోవడంలో ఉంది. పాటకైతే తాళం లెక్కపెట్టి, ఫలానా ఆవర్తనం దగ్గర దీపం ఆర్పు, తెర దించు అని చెప్పవచ్చు. పద్యం నటుడి ఊపిరిని బట్టి నడుస్తుంది. ఇవాళ రెండు నిమిషాల్లో ముగిసిన పద్యమే, గొంతు కుదిరి జనం ఊపు మీదుంటే, రేపు ఇంకెంతో సేపు సాగుతుంది. కాబట్టి తెర మనిషికి గుర్తు కాలం కాదు, అక్షరం. సీసపద్యమే చూడండి. నాలుగు పాదాలూ పాడి నటుడు రాగం అందుకుంటే పందిరంతా చప్పట్లే. పద్యం అయిపోయిందనుకుని అక్కడ తెర లాగితే కొంప మునిగినట్టే, దాని కింద ఎత్తుగీతి ఇంకా మిగిలే ఉంది. ఛందస్సు తెలియని మనిషికి తెర తాడు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. బడి చదువు లేకపోయినా ఫరవాలేదు, సీసానికీ మత్తేభానికీ తేడా చెవికి తెలిస్తే చాలు.

ప్రాంప్టరు వింగులో పుస్తకం పట్టుకుని నిలబడతాడు. వరసంతా చదివేవాడు మంచి ప్రాంప్టరు కాడు. పద్యం ఎత్తుబడిలో మొదటి రెండు మాటలు అందిస్తే మిగతాది నటుడికి దానంతట అదే వస్తుంది. ఎవరు ఎక్కడ తడబడతారో అతనికి రిహార్సల్లోనే తెలిసిపోతుంది. ఏ నటుడు ఊపిరి కోసం ఆగాడో, ఎవరు నిజంగా మరిచిపోయారో పెదవుల కదలికను బట్టి పోల్చుకుంటాడు. ఊపిరి తీసుకుంటున్నవాడికి మాట అందిస్తే అతని భావం చెడుతుంది, మరిచినవాడికి అందించకపోతే పరువు పోతుంది. పుస్తకం అంచుల్లో పెన్సిలు గుర్తులుంటాయి. రాగం పేరు, శంఖం ఊదే చోటు, వన్స్ మోర్ వస్తే మళ్లీ ఎక్కడ నుంచి ఎత్తుకోవాలన్నది, అన్నీ అందులోనే.

వన్స్ మోర్‌కూ రిహార్సల్ కావాలి. పాడేవాడు రెండోసారి అందుకున్నప్పుడు పక్కవాడు ముందే జవాబు చెప్పేసిన మొహంతో నిలబడితే సీను చెదిరిపోతుంది. మొదటిసారి విన్నట్టే వినాలి.

తెరల లెక్క మరొకటి. వీధి తెర ముందు ఇద్దరు నిలబడి మాట్లాడుతుంటే వెనక చప్పుడు లేకుండా దర్బారు సర్దేస్తారు. ఆ ముందు సీను ఎంతసేపు నడవాలో సింహాసనం మోసేవాళ్ల చేతుల్లో ఉంటుంది. వాళ్లు ఆలస్యమైతే ప్రాంప్టరు ఇంకో పద్యం అందిస్తాడు.

రావలసిన నటుడు రాకపోతే? 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడేరోజు చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం స్థానం నరసింహారావు వేశారు. బాపట్లలోనే 1902లో పుట్టిన మనిషి, అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా ఆంధ్రదేశమంతా పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీ పాత్రలకు ఆయన తెచ్చిన గౌరవం తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ రాత్రి నిర్వాహకులు గుర్తొస్తారు. నాటకం ఆపేద్దామని వాళ్లు అనుకుని ఉంటే!

తర్వాత ఒకే పాత్రను సీనుకొకరు చొప్పున పంచుకోవడం పద్ధతిగా మారింది. పడక సీనుకొక కృష్ణుడు, రాయబారానికొక కృష్ణుడు. వారణాసికొక హరిశ్చంద్రుడు, కాటిసీనుకొక హరిశ్చంద్రుడు. వేర్వేరు ఊళ్ల నుంచి ఆ రాత్రికే వచ్చి, కలిసి ఒక్క రిహార్సల్ కూడా లేకుండా ఆడే నటుల్ని కలిపి కుట్టేది హార్మోనిస్టూ ప్రాంప్టరే. ఇది ఘనతే, కాని దీనివల్ల పద్యం పెరిగి నాటకం తగ్గిందని కూడా ఒప్పుకోవాలి. పక్కవాడు ఎవరో తెలియని నటుడు మైకును చూస్తాడు, పక్కవాణ్ణి చూడడు.

పొన్నూరు పక్కనే బ్రాహ్మణకోడూరు ఉంది. రంగస్థల పద్యంలో పండి సినిమా పాటకు వెళ్లిన మాధవపెద్ది సత్యానిది ఆ ఊరే. కళాదర్శకుడు మాధవపెద్ది గోఖలేదీ ఆ ఊరే. 1957 నాటి మాయాబజార్‌లో ఒకరి గొంతు వింటాం, మరొకరు కట్టించిన మందిరాలు చూస్తాం. పాడేవాడూ తెర సిద్ధం చేసేవాడూ ఒకే నేల బిడ్డలన్నది ఇక్కడివాళ్లకు వింతేమీ కాదు.

నాటకం కరపత్రం మీద నటుల ఫొటోలు, బిరుదులు అచ్చవుతాయి, హార్మోనిస్టు పేరూ ఉంటుంది. వింగులో తెల్లవార్లూ నిలబడ్డ ప్రాంప్టరు పేరు, తెర తాడు పట్టిన మనిషి పేరు చాలాసార్లు కనపడవు. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు మీ ఊళ్లో నాటకం వేస్తే ఆ రెండు పేర్లూ అచ్చు వేయించండి. మీ తాతగారి పెట్టెలో పెన్సిలు గుర్తులున్న పాత నాటకం పుస్తకం ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి, మీ ఊరి హార్మోనియం మాస్టారికి చూపించండి.